చదువుకోని జ్ఞాపకానికి కొలబద్ద

వెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో 65 ఏళ్లు దాటినవాళ్లలో డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డుపడే మతిమరుపు జబ్బు, ఎంతమందికి ఉంది? 2008లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చిన, పేద, మధ్యాదాయ దేశాల్లో డిమెన్షియాను పరిశోధించే 10/66 బృందం అధ్యయనం ఈ ప్రశ్నకు రెండు జవాబులిచ్చింది. అమెరికా మానసిక వైద్యుల నిర్వచనం, అంటే డీఎస్‌ఎం-4 ప్రకారం చూస్తే 0.3 శాతం. ఆ బృందం సొంతంగా తయారు చేసుకున్న పద్ధతి ప్రకారం చూస్తే మాత్రం ఏడు దేశాల్లోని 11 కేంద్రాల్లో ఎక్కడా 5.6 శాతానికి తగ్గలేదు. పరీక్షించిన మనుషులు వాళ్లే. మారింది కొలిచే తీరు.

అంతకు పదేళ్ల ముందు హరియాణాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చేసిన సర్వే 65 దాటినవాళ్లలో 1.36 శాతమని తేల్చింది. 2017లో మొదలైన లాసీ-డాడ్ సర్వే 60 దాటిన 4,096 మందిని దేశమంతటా పరీక్షించి 7.4 శాతమంది, అంటే సుమారు 88 లక్షల మంది, అని అంచనా వేసింది. ఈ తేడాలో కొంత నిజమైనదే కావచ్చు. పాతరోజుల్లో డిమెన్షియా వచ్చినవాళ్లు ఎక్కువ కాలం బతికేవాళ్లు కాదు, ఇప్పుడు ఆయుర్దాయం పెరిగింది. కానీ 0.3కీ 7.4కీ మధ్య ఉన్న దూరాన్ని ఆయుర్దాయం ఒక్కటే పూడ్చలేదు. మెదడు వార్ధక్యం అనగానే పత్రికల్లో కొత్త ఇంజెక్షన్ల గురించి, స్కానింగుల గురించి రాస్తారు. మన దగ్గర అంతకన్నా ముఖ్యమైన పరిశోధన, పెద్దగా ఎవరికీ పట్టని చోట, పెన్సిలూ కాగితంతో జరిగింది.

ముప్ఫై మార్కుల పరీక్ష

ప్రపంచమంతటా ఎక్కువగా వాడే జ్ఞాపకశక్తి పరీక్ష ఎంఎంఎస్‌ఈ. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి రూపొందించారు. మొత్తం 30 మార్కులు. తేదీ, నెల, సంవత్సరం, ఊరు, రాష్ట్రం వంటివి చెబితే 10. మూడు మాటలు వెంటనే తిరిగి చెబితే 3. వందలోంచి ఏడేడు తీసివేస్తూ ఐదుసార్లు చెబితే 5. ఇందాకటి మూడు మాటలు మళ్లీ గుర్తు చేసుకుంటే 3. మిగిలిన 9 భాషకూ బొమ్మకూ: వస్తువుల పేర్లు చెప్పాలి, ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్టు అనాలి, చెప్పిన మూడు పనులు వరసగా చెయ్యాలి, రాసి ఉన్నది చదివి అలా చెయ్యాలి, సొంతంగా ఒక వాక్యం రాయాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కిన రెండు పంచభుజాలను చూసి గియ్యాలి. మామూలుగా 24 కంటే తక్కువ వస్తే అనుమానించాలంటారు.

బడి మొహం చూడని డెబ్భై ఏళ్ల రైతుకూలీ ఆమె ముందు ఈ కాగితం పెడితే ఏమవుతుంది? చదివే మార్కు, రాసే మార్కు మొదటే పోతాయి. పెన్సిలు ఎన్నడూ పట్టని చేతికి పంచభుజం రాదు. నూట్లోంచి ఏడేడు తీసివెయ్యడం రాదు కానీ, వారం కూలిలోంచి అడ్వాన్సు పోను ఎంత రావాలో ఆమె పైసాతో సహా చెబుతుంది. తేదీ అడిగితే చెప్పలేదు, నెల అడిగితే ఆషాఢం అంటుంది, అమావాస్య ఎల్లుండి అని కూడా చేరుస్తుంది. కాగితంలో ఆషాఢానికి గడి లేదు. ఆరేడు మార్కులు ఇలా కారిపోతే ఆరోగ్యంగా ఉన్న మనిషే 24 కిందికి దిగిపోతుంది. దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. రిటైరైన లెక్కల మాస్టారికి డిమెన్షియాకు ప్రధాన కారణమైన అల్జీమర్స్ జబ్బు నిజంగానే మొదలై, దారి తప్పుతూ, చెప్పిందే చెబుతూ ఉన్నా తీసివేతలూ పంచభుజాలూ చేతికి అలవాటైనవి కనక 28 వస్తుంది. ‘అంతా బాగానే ఉంది’ అని పంపేస్తారు. మొదటి తప్పు గురించి అందరూ మాట్లాడతారు. రెండోది అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే మళ్లీ పరీక్షకు వచ్చేసరికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి.

బల్లభ్‌గఢ్ బృందం 1990ల్లో దీన్ని హిందీకి తెచ్చినప్పుడు ప్రశ్నల్ని అనువదించి ఊరుకోలేదు, మార్చింది. ఏడేడు తీసివేతకు బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పించారు. ‘కళ్లు మూసుకోండి’ అని రాసిన కాగితం చదివించే బదులు, నేను చేసినట్టు చెయ్యండి అని పరీక్షించేవాళ్లు కళ్లు మూసి చూపించారు. వాక్యం రాయించే బదులు మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు. ఆ మార్కు కొలవాల్సింది ఆలోచనను వాక్యంగా పేర్చే శక్తిని, చేతిరాతను కాదు. మార్చేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ప్రతిసారీ ఇదే: ఈ అంశం మెదడులో దేన్ని పరీక్షిస్తోంది, బడి వల్ల వచ్చే అలవాటు దానికి ఎక్కడ అడ్డుపడుతోంది?

తెలుగులో ఎదురైన చిక్కులు

హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఇంకాస్త పెద్ద పరీక్షను తెలుగుకు తెచ్చింది. అది ఏసీఈ. మొత్తం వంద మార్కులు: ఏకాగ్రతకు 18, జ్ఞాపకానికి 26, మాటల ధారాళతకు 14, భాషకు 26, చూపుతో గుర్తించి గీసే శక్తికి 16. ఇరవై నిమిషాల పని. మూడో రూపం ఏసీఈ-3ను తర్వాత తెలుగు, ఉర్దూ, హిందీ, కన్నడం, తమిళం, మలయాళం, భారతీయ ఇంగ్లిష్ అనే ఏడు భాషల్లో పరీక్షించి చూశారు. చదువురానివాళ్ల కోసం విడిగా ఒక రూపం తయారైంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారు చేయించిన పరీక్షల పెట్టె కూడా తెలుగుతో కలిపి ఐదు భాషల్లో ఉంది.

ధారాళత పరీక్షలో ఒక నిమిషంలో ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు ఎన్ని చెప్పగలరో చూస్తారు. ఇంగ్లిష్‌లో ‘పి’ అంటే పని తేలిక. తెలుగులో ‘ప’ అంటే పలక, పడవ మాత్రమేనా? పాలు, పిల్లి, పులి కూడా లెక్కలోకి వస్తాయా? ఇది పరీక్షకు ముందే తేల్చి, పరీక్షించే ప్రతి ఒక్కరికీ ఒకేలా నేర్పాలి. లేకపోతే ఒకే మనిషికి ఒక ఆస్పత్రిలో ఆరు మాటలు, ఇంకో ఆస్పత్రిలో పద్నాలుగు మాటలు పడతాయి. చదువురానివాళ్లకైతే ఈ ప్రశ్నకే అర్థం లేదు. మాటను అక్షరాలుగా విడగొట్టి వినడం బడి నేర్పే విద్య. వాళ్లను నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో అడగడమే న్యాయం.

ఊరూ జిల్లా అడిగే ప్రశ్నలో తెలుగు రాష్ట్రాల్లో ఇంకో చిక్కుంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. వనపర్తి పెద్దాయన తమ జిల్లా మహబూబ్‌నగర్ అంటే, బాపట్ల పెద్దావిడ గుంటూరు అంటే మతి తప్పినట్టు కాదు. అరవై ఏళ్లపాటు అది నిజం. ముఖ్యమంత్రి ఎవరన్న ప్రశ్నా అంతే. కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటూ ఓటు గుడివాడలో ఉన్నవాళ్లు ఏ పేరు చెప్పినా మార్కు వెయ్యాల్సిందే. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, అనుమానానికీ అనుమానం లేకపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు రెండు మూడు మార్కులే.

పరీక్ష మొదలుపెట్టకముందే చెడిపోయే సందర్భాలు ఇంకెన్నో. కళ్లజోడు ఇంట్లో మరిచి వస్తారు. శుక్లాలున్న కంటికి బొమ్మలోది మొసలో బల్లో తెలియదు. చెవిలో గులిమి నిండి ఉంటే మూడు మాటల్లో ఒకటి అసలు చెవిన పడదు, చెవిన పడనిది గుర్తు రాలేదని రాసుకుంటారు. రాత్రి వేసుకున్న నిద్రమాత్ర మత్తు, దురదకో మూత్రం ఆపుకోలేకపోవడానికో వాడే కొన్ని మాత్రలు ఏకాగ్రతను దెబ్బతీస్తాయి. పక్కన కూర్చున్న కూతురు పెదవులు కదిపి జవాబు అందిస్తుంది. కాబట్టి వెంట వచ్చినవాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టి, చెవికి సాయం కావాలంటే చిన్న యాంప్లిఫయర్ తగిలించి, మనిషి ఇంట్లో మాట్లాడే భాషలోనే అడగాలి. దఖ్ఖనీ ఉర్దూ ఇంటిభాష అయినవాళ్లను తెలుగులో పరీక్షించి తక్కువ మార్కులు వేసే అలవాటు హైదరాబాద్‌లో పూర్తిగా పోవాల్సిందే. బీ12, థైరాయిడ్, కుంగుబాటు చూడకుండా స్కోరు ఒక్కటి పట్టుకుని పేరు పెట్టకూడదన్నది వేరే చెప్పాలా.

కోడలు వంట చేసే ఇంట్లో

డిమెన్షియా అని తేల్చడానికి మార్కులు తగ్గితే సరిపోదు, రోజువారీ పనులు దెబ్బతినాలి. డీఎస్‌ఎం-4 వెల్లూరు పల్లెల్లో బోల్తా పడింది ఇక్కడే. బ్యాంకు లెక్కలు చూసుకోగలరా, వంట చేసుకోగలరా, ఒంటరిగా ప్రయాణం చెయ్యగలరా అని అడిగితే మన ఇళ్లలో వచ్చే జవాబు ‘ఆవిడకెందుకండీ ఆ పనులు, మేమున్నాం కదా’. అరవై దాటగానే తాళాల గుత్తి కోడలి చేతికి వెళుతుంది. చెయ్యాల్సిన పనే లేనప్పుడు చెయ్యలేకపోవడం బయటపడదు. పెద్దవయసులో మరుపు మామూలే, చాదస్తం అనుకునే ఇంట్లో ఎవరూ దాన్ని ఫిర్యాదుగా కూడా చెప్పరు. తక్కువ అభివృద్ధి చెందిన చోట్ల కుటుంబ సభ్యులు మరుపునూ ఇబ్బందినీ తక్కువగా చెబుతున్నారని 10/66 బృందమూ గమనించింది.

దీనికి తగిన ప్రశ్నలు వేరేగా ఉండాలి. ఉమ్మడి కుటుంబంలో కూడా మనిషికి మిగిలే పనులేవో చూడాలి: మందులు వేళకు వేసుకోవడం, గుడి నుంచి ఇంటికి దారి, భోజనం చేశామా లేదా అన్న గుర్తు, సంక్రాంతి ముందో ఉగాది ముందో చెప్పడం, పెళ్లి కబురు విని సాయంత్రానికి ఇంకొకరికి చెప్పగలగడం, చీర కట్టులో వరస. బల్లభ్‌గఢ్ బృందం ఇలాంటి ప్రశ్నలతోనే భారతీయ ఇళ్లకు సరిపడే జాబితా ఒకటి చేసింది. ఇంకో మార్గం ఐక్యూకోడ్ అనే ప్రశ్నావళి. ఇందులో పోలిక వేరే మనుషులతో కాదు, పదేళ్ల కిందటి అదే మనిషితో. దగ్గరివాళ్లను 16 ప్రశ్నలు అడుగుతారు, ఒక్కోదానికి 1 నుంచి 5. సగటు 3 అంటే మార్పు లేదు. 3.3 నుంచి 3.6 మధ్య ఎక్కడో గీత గీస్తారు. చదువు ప్రభావం దీని మీద తక్కువ, ఎందుకంటే చదువురాని మనిషి పదేళ్ల కిందటా చదువురాని మనిషే. లోపం ఒకటుంది. జవాబిచ్చేది పదేళ్లుగా కలిసి ఉన్నవాళ్లై ఉండాలి. పండక్కి మాత్రం వచ్చే అమెరికా కొడుకు ఇచ్చే జవాబు పనికిరాదు. అలాంటివాళ్లు రెండేళ్లకోసారి చూస్తారు కనక మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది నిజమే, కానీ అమ్మకు నిన్నటి మాట గుర్తుందో లేదో వాళ్లకు తెలియదు.

రెండు భాషల మెదడు

నిమ్స్ క్లినిక్ నుంచి వచ్చిన అధ్యయనాల్లో లోకమంతా చెప్పుకున్నది 2013 నాటి ‘న్యూరాలజీ’ పత్రం. డిమెన్షియా ఉన్న 648 మందిలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష ఉన్నవాళ్లకు జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, వీళ్లకు 65.6 ఏళ్లకు. నాలుగున్నరేళ్ల తేడా. 2007లో టొరంటోలో 184 మంది మీద చేసిన అధ్యయనం కూడా దాదాపు నాలుగేళ్ల తేడానే చూపింది. అయితే అక్కడ రెండు భాషలవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. తేడా భాష వల్లా, వలసవెళ్లగలిగే మనుషుల తీరు వల్లా అన్నది తేల్చలేకపోయారు. హైదరాబాద్‌లో ఆ గొడవ లేదు. ఇక్కడ తెలుగు, దఖ్ఖనీ, హిందీ వీధిలోనే వస్తాయి. బడికి వెళ్లని ఆటోడ్రైవరుకీ రెండు భాషలుంటాయి. అందుకే చదువురానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించడం ఆ పత్రానికి అసలు బలం. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభమేమీ కనిపించలేదు. 2016లో అదే బృందం 608 మంది పక్షవాత రోగులను చూసింది: తర్వాత మేధోశక్తి మామూలుగా మిగిలినవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం.

దీన్ని ‘రెండు భాషలొస్తే అల్జీమర్స్ రాదు’ అని వాట్సాప్‌లో తిప్పడం మాత్రం తప్పు. పత్రం చెప్పింది మొదలైన వయసు గురించి, వచ్చే అవకాశం గురించి కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ముందుగా చేర్చుకుని ఏళ్ల తరబడి వెంటాడిన అధ్యయనాల్ని కలిపి చూస్తే డిమెన్షియా తగ్గినట్టు నికరంగా తేలలేదు. పైగా మొదలైన వయసు ఎలా తెలిసింది? ‘మరుపు ఎప్పటి నుంచి?’ అని ఇంట్లోవాళ్లను అడిగితే. ఆ జవాబు పైన చెప్పుకున్న ఇబ్బందులన్నీ మోసుకొస్తుంది.

ఆ ప్రశ్నను తప్పించుకునే దారి ఒక్కటే: జబ్బు రాకముందే మొదలుపెట్టి చూస్తూ ఉండటం. కోలార్ జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో, మామిడితోటల మధ్య, బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ చేస్తున్న పని అదే. 45 దాటి, మేధోశక్తి బాగున్న పల్లెవాసులను పది వేల మంది దాకా చేర్చుకుని ఏళ్ల తరబడి గమనించడం లక్ష్యం. నగరవాసులతో వెయ్యిమంది లక్ష్యంగా దీనికి జంట అధ్యయనం ఉంది. మదనపల్లె వైపు సరిహద్దులో ఉన్న ఈ తాలూకాలో ఇంటిభాష చాలామందికి తెలుగే, కనక ఇక్కడ తేలేది మనకు దగ్గరి లెక్క. ఇలాంటి అధ్యయనాన్ని వెంటాడే సమస్యలు రెండు. ఒకసారి రాసిన పరీక్ష రెండోసారి తేలికవుతుంది. దాంతో నిజంగా తగ్గుతున్న మనిషి నిలకడగా ఉన్నట్టు కనిపిస్తాడు. ఏసీఈ-3కి ఏ, బీ, సీ అని మూడు రూపాలున్నది అందుకే. రెండోది, మధ్యలో మానేసేవాళ్లు. మరుపు మొదలైనవాళ్లే ముందు మానేస్తారు కాబట్టి మిగిలిన గుంపు ఉన్నదానికన్నా ఆరోగ్యంగా కనిపిస్తుంది.

రక్తపరీక్ష వస్తే ఈ గొడవ తీరుతుందా?

2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అల్జీమర్స్ కోసం మొదటి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. ఫుజిరెబియో కంపెనీ లుమిపల్స్. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే టౌ, అమైలాయిడ్ ప్రోటీన్ల రూపాలైన పి-టౌ217, అమైలాయిడ్-42ల నిష్పత్తిని రక్తంలో చూస్తుంది. 55 దాటి, లక్షణాలున్నవాళ్లకే. 499 నమూనాల్లో పాజిటివ్ వచ్చినవాళ్లలో 91.7 శాతానికి స్కానులోనో వెన్నుద్రవంలోనో అమైలాయిడ్ నిజంగానే ఉంది. నెగటివ్‌లలో 97.3 శాతం నిజమైన నెగటివ్‌లు. రక్తానికి చదువు లేదు, భాష లేదు. అందుకే దీని మీద అంత ఆశ.

కానీ ట్యూబులో జరిగే తప్పులకు ఇది మినహాయింపు కాదు. అమైలాయిడ్ అంటుకునే గుణమున్న ప్రోటీన్, గాజు గోడకూ కొన్నిరకాల ప్లాస్టిక్‌కూ అతుక్కుపోతుంది. అందుకని పాలీప్రొపిలీన్ ట్యూబులే వాడాలి. ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తాన్ని త్వరగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరు చేసి మంచుగడ్డలా శీతలీకరించాలి, దాచేది మైనస్ 80 డిగ్రీల దగ్గర. మే నెల ఎండలో జిల్లా కలెక్షన్ సెంటర్ బల్ల మీద ఆ ట్యూబు గంటలకొద్దీ ఉండిపోతే అమైలాయిడ్-42 తగ్గిపోతుంది. పి-టౌ అంతగా తగ్గదు. నిష్పత్తిలో కింది అంకె తగ్గితే ఫలితం పెరుగుతుంది, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది.

ఇంకో చిక్కు మూత్రపిండాలది. అవి దెబ్బతిన్నవాళ్లలో పి-టౌ రక్తంలో పేరుకుని, మెదడులో ఏమీ లేకపోయినా అంకె పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట ఈ పరీక్షను క్రియాటినిన్ చూడకుండా వాడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఫాస్ఫేటు అతికిన టౌను అతకని టౌతో పోల్చి శాతంగా చూసే పద్ధతిలో ఈ ప్రభావం చాలావరకు రద్దవుతుంది. అలాంటి ప్రాంతాలకు ఆ పద్ధతే తగినది. ఇవన్నీ సరిగ్గా చేసినా, పాజిటివ్ అంటే అమైలాయిడ్ ఉందనే గాని, డిమెన్షియా ఉందని కాదు. మరుపు ఏమీ లేనివాళ్లలోనూ 50 ఏళ్ల దగ్గర సుమారు 10 శాతానికి, 90 దగ్గర సుమారు 44 శాతానికి అమైలాయిడ్ ఉంటుంది. అది మనిషి జీవితంలోకి దిగిందా లేదా అన్నది తేల్చడానికి మళ్లీ ఆ పెన్సిలూ కాగితమే, మళ్లీ ఆ కోడలితో మాటలే.

మందుల సంగతికి వచ్చినా అంతే. మెదడులోని అమైలాయిడ్‌ను తొలగించే మందు, 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్‌ను మొదట్లో కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలకోసారి నరం ద్వారా ఎక్కిస్తారు. అక్కడ ఏడాదికి 26,500 డాలర్ల ధరతో అది మార్కెట్లోకి వచ్చింది. 1,795 మంది మీద 18 నెలల ప్రయోగంలో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించిందని చెప్పారు. ఆ 27 శాతం దేని మీద? సీడీఆర్ అనే 18 పాయింట్ల కొలమానం మీద. మందు లేనివాళ్లు 1.66 పాయింట్లు దిగజారితే మందు తీసుకున్నవాళ్లు 1.21 దిగజారారు. తేడా 0.45. సీడీఆర్‌లో ఉండే ఆరు విభాగాల్లో బయటి వ్యవహారాలు, ఇంటిపనులు కూడా ఉన్నాయి. వాటికి మార్కులు పడేది ప్రధానంగా ఇంట్లోవాళ్లు చెప్పేదాన్ని బట్టి. మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతానికి మెదడులో వాపు కనిపించింది, అందుకని ఎంఆర్ఐలు తీస్తూ కనిపెట్టి ఉండాలి.

ఆ ప్రయోగంలో చేరడానికి పెట్టిన అర్హత ఎంఎంఎస్‌ఈలో 22 నుంచి 30 మధ్య మార్కులు. తర్వాత అమెరికా నిపుణులు మందు వాడకానికి సూచించిన హద్దూ అదే. అలాంటిదే ఇంకో మందు డొనానెమాబ్ ప్రయోగంలో 20 నుంచి 28. రాయడం, చదవడం, గీయడం, ఏడేడు తీసివేతలు ఇవేవీ రాని మనిషికి జబ్బు తొలిదశలోనే ఉన్నా మార్కులు 18 దగ్గర ఆగవచ్చు. కాగితం ప్రకారం ఆమె జబ్బు ముదిరిపోయినట్టే, మందుకు అర్హత లేనట్టే. మార్కుల్ని చదువుకు తగ్గట్టు సవరించి చూడకుండా ఈ హద్దుల్ని ఇక్కడ యథాతథంగా అమలు చేస్తే మొదట బయటికి పోయేది బడికి వెళ్లనివాళ్లు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లు. లాసీ-డాడ్ సర్వేలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది కూడా వాళ్లలోనే.